గాజుల లక్ష్మీనరసు సెట్టిగారి జీవితము

మార్కాపురము, గిద్దలూరు, కంభము ప్రాంతముల బాలురకు ఉయ్యాలవాడ నరసింహారెడ్డిగారిని గూర్చి క్రొత్తగా చెప్పవలసిన పనిలేదు. 1846వ సంవత్సరమున ఆయన కోవెలకుంట్ల ఖజానాపై బడుటయు, నల్లమల యడవులలో తిరుగుటయు, గిద్దలూరి దాపున కుంపిణీ పటాలముతో పోరాడుటయు, 1847 ఫిబ్రవరి 22వ తేదీన ఉరితీయబడుటయు పాటలుగ విన్నవారే. ఇటీవల చలనచిత్రమునందును చూచియున్నారు. అదే 1846వ సంవత్సరమున చెన్నపట్టణములో మరియొక తెలుగువాడు అదే కుంపిణీ ప్రభుత్వమునకు ఎదురు నిలిచెను. ఆయనకు గుఱ్ఱములు లేవు, బంట్లు లేరు. అర్జీలు వ్రాయించి, వానిపై వేలకొలది చేవ్రాళ్లు చేయించి, ఓడలమీద సీమకు పంపి, అచ్చట పార్లమెంటులో ఎవరైన చదువుదురేమో యని నెలల తరబడి ఎదురుచూచుటయే ఆయన చేసిన యుద్ధము. ఇట్టి యుద్ధమును పాటలు కట్టి పాడువారుండరు గదా! కావుననే ఆయన పేరు మరుగుపడినది. ఆయనయే గాజుల లక్ష్మీనరసు సెట్టిగారు. చెన్నపురి శాసననిర్మాణ సభలో తొలుదొల్త కూర్చుండిన భారతీయులలో ఆయన యొకరు.

ఆయన చరిత్రమును ఈ పత్రికలో వ్రాయ బూనుటకు మేము కొంత సంకోచించిన మాట నిజము. ఏలయనగా ఆయన తన ప్రజాజీవితమును ప్రారంభించినదే మిషనరీలకు ప్రతికక్షిగా. మిషను పాఠశాలలో పాఠములు చెప్పు మావంటివారు ఆయనను ప్రశంసించుట యెట్లని అడుగువారుండవచ్చును. ఆ ప్రశ్నను దాటవేయక, తగిన చోట విచారింతుము. ముందు ఆయన పుట్టుపూర్వోత్తరములు.

సెట్టిగారు 1806వ సంవత్సరమున చెన్నపట్టణమున గాజుల బలిజ కుటుంబమున జన్మించిరి. తండ్రి సిద్ధులు సెట్టిగారు పేరొందిన నీలిమందు వర్తకులు. ఇప్పటి బాలురకు నీలిమందు అనగా అంగడిలో సీసాలో దొరకు నీలిరంగు నీరే గాని, ఆ కాలమున అది గొప్ప వాణిజ్య ద్రవ్యము. నీలి చెట్లను కోసి తొట్లలో నానబెట్టి, ఆ నీటిని చిలికి, అడుగునకు దిగిన ముద్దను ఎండబెట్టి బిళ్లలుగ కోసి ఓడలకు ఎక్కించుచుండిరి. కడప, నెల్లూరు, కర్నూలు సీమలలో నీలి విస్తారముగ పండుచుండెను. మన ప్రాంతము అప్పుడు కడప జిల్లాలోనిదే. ఇట్లు పల్లెటూరి పంట పట్టణపు వర్తకుని చేరుటలో, పల్లెటూరి వార్తలును వర్తకుని చెవిని బడుచుండెను. శిస్తు ఎంత, పంట ఎంత, తహశ్శీలుదారు ఏమి చేసెను అను సంగతులు కచేరీలోని దొరకంటె అంగడిలోని వర్తకునికే బాగుగ తెలియుట వింత గాదు. లక్ష్మీనరసు సెట్టిగారు కొంత చదువుకొని, చిన్నతనముననే తండ్రి వ్యాపారమున చేరి, నీలిమందును బట్టలను అమ్మి, తండ్రి యార్జించిన దానిని మిక్కిలి పెంచిరి. నలువది యేండ్లు నిండకముందే పట్టణమునందలి ధనవంతులలో నొకరైరి. ఆపైన ఊరకుండిన యెడల సుఖముగ జీవించి, మనుమలకు ఆస్తి విడిచి పోయెడివారే.

ఊరకుండనీయని సంగతి 1840 ప్రాంతమున పుట్టినది. స్కాట్లండు మిషనుకు చెందిన జాన్ ఆండర్సన్ దొరగారు 1837లో చెన్నపట్టణమున ఒక పాఠశాల స్థాపించిరి. తరువాత మదరాసు క్రైస్తవ కళాశాలగ వృద్ధిపొందినది అదియే. ఇంగ్లీషు చదువుకొరకు హిందువులు తమ బిడ్డలను అచ్చటికి పంపిరి. 1841లో ఆ బాలురలో కొందరు బాప్తిస్మము పొందగా పట్టణమంతయు కలతజెందెను. తల్లిదండ్రులు బిడ్డలను మాన్పించగా పాఠశాల గదులు బోసిపోయెను. 1842 మొదలు 1848 వరకు గవర్నరుగా నుండిన ట్వీడేలు ప్రభువు మిషనరీలయెడ పక్షపాతము గలవారని ప్రజలలో ప్రతీతి. సర్కారు పాఠశాలలలో బైబిలును తరగతి పుస్తకముగా చేయవలెనని ఆయన 1846లో వ్రాసినందున ఆ యనుమానము బలపడెను. దీనికి తోడు, మతము మార్చుకొనినవాడు పిత్రార్జితమునందలి భాగమును కోల్పోరాదను శాసనపు చిత్తు ఒకటి 1845లో కలకత్తానుండి వెలువడెను. బంగాళ ప్రాంతమున 1832 మొదలుగ నున్న నిబంధనను దేశమంతటికిని వర్తింపజేయుటయే దాని యుద్దేశము.

ఈ సంగతులన్నిటి నడుమ సెట్టిగారు రంగమునకు వచ్చిరి. ఆయన మొదట చేసిన పని ఒక పత్రికను సంపాదించుట. అప్పటికే నడచుచుండిన ఒక చిన్న పత్రికను కొని, క్రెసెంట్, అనగా నెలవంక, అను పేరుతో 1844 అక్టోబరు 2వ తేదీనుండి ఇంగ్లీషున ప్రకటింపసాగిరి. హార్లీయను ఇంగ్లీషువానిని సంపాదకునిగ నియమించి ధనము తామిచ్చిరి. హిందువుల స్థితిని బాగుచేయుటయే తమ పత్రిక యుద్దేశమని చాటిరి. ఆ పత్రిక వెలువడునను ప్రకటనను సర్కారు గెజెట్టులో వేయుటకైనను దొరతనమువారు ఒప్పుకొనలేదు. రూకలిచ్చి వేయించుకొను ప్రకటనను గూడ కాదనుట చూడగా, పుట్టకముందే ఆ పత్రికయన్న ఎంత భయపడిరో తెలియుచున్నది. 1846 అక్టోబరులో ఆయన ఆధ్వర్యమున పట్టణమందు పెద్ద సభ జరిగెను. బైబిలు విషయమునుగూర్చియు, వారసత్వపు శాసనమునుగూర్చియు సీమలోని కుంపిణీ డైరెక్టర్లకు పెద్ద విజ్ఞాపనము పంపబడెను. డైరెక్టర్లు ట్వీడేలు ప్రభువు సూచనను 1847లో త్రోసివేసిరి. వారసత్వపు శాసనము మాత్రము 1850లో 21వ ఆక్టుగ వెలువడెను. అనగా ఒక వ్యాజ్యమున గెలుపు, మరియొక దానిలో ఓటమి.

మేము విచారింతుమని చెప్పిన ప్రశ్న ఇచ్చట వచ్చుచున్నది. వారసత్వపు శాసనము విషయమున సెట్టిగారి పక్షము న్యాయమైనదని మేము తలపజాలము. ఒకడు తన మనస్సాక్షి చెప్పినట్లు దేవుని కొలిచినంత మాత్రమున వాని తాతముత్తాతల పొలము వానికి లేకుండ చేయుట యే ధర్మము? ఆయన ఈ శాసనమును తమ కుటుంబములను చీల్చు కుట్రగ భావించిరి. భయపడినవానికి న్యాయము కనబడదు. ఐతే బైబిలు విషయమున మా యభిప్రాయము వేరు. సర్కారు పాఠశాల హిందువుని శిస్తుతోను, ముసల్మానుని శిస్తుతోను నడచునది. అందులో ఒక మతగ్రంథమును నిర్బంధపాఠముగ చేయుట, పన్ను యిచ్చువాని యిష్టమునకు విరుద్ధముగ వాని రూకలను వాడుకొనుటయే. మేము ప్రతిదినమును బైబిలు చదువుకొని పాఠములు మొదలుపెట్టువారము. ఆ పుస్తకమును దొరల యుత్తరువుచే చదివింపవలసిన యగత్యము కలదని మేము ఒప్పుకొనము. మరియు 1854లో ఉడ్డు దొరగారి విద్యాశాసనము వచ్చినప్పుడు, సర్కారు పాఠశాలలలో మతబోధ ఉండరాదనియు, ప్రైవేటు పాఠశాలలు ఏ మతమువారివైనను లౌకిక విద్య బాగుగ చెప్పిన యెడల గ్రాంటు ఇయ్యవలెననియు నిర్ణయమయ్యెను. ఆ గ్రాంటులతోనే గదా ఈ దేశమునందలి మిషను పాఠశాలలు వేలకొలదిగ వర్ధిల్లినవి! సర్కారు ఏ మతమునకును కొమ్ముగాయరాదని సెట్టిగారు పట్టుబట్టిన నియమము, కడకు ఆయన ప్రతిపక్షులకును నీడయైనది.

ఆయన ఇంతటితో ఆగియుండిన యెడల ఆయనను గూర్చి వ్రాయుటకు ఎక్కువ లేదు. మతవివాదములలో పేరు పొంది, ఆ వేడి చల్లారగనే కనబడకుండ పోయినవారు అనేకులు. 1852లో సెట్టిగారి దృష్టి గుడినుండి పొలమునకు మరలినది. కుంపిణీవారి అధికారపత్రము 1853లో మార్చబడవలసి యుండెను. దేశపు స్థితిగతులను పార్లమెంటువారు విచారించు సమయమిది యని కలకత్తాలోను, బొంబాయిలోను సంఘములు ఏర్పడెను. చెన్నపట్టణమున 1852 ఫిబ్రవరిలో సెట్టిగారు ముఖ్యులుగ ఒక సంఘము వెలసెను. అది మొదట కలకత్తా సంఘమునకు శాఖగ నుండి, కొలది నెలలకే మదరాసు నేటివ్ అసోసియేషన్ అను పేరుతో స్వతంత్రమయ్యెను. కలకత్తావారికి పెద్ద ఉద్యోగములును సభలును ముఖ్యములు. మదరాసు వారికి రైతు శిస్తు ముఖ్యము. ఈ భేదమే ఆ వేరుపాటునకు మూలమని మా యూహ. ఆ యేడు చివర ఈ సంఘము పార్లమెంటునకు పంపిన మహజరులో శిస్తుల భారము, చేతిపనులవారిపై వేయు మొహతర్ఫా పన్ను, కోర్టులలోని ఆలస్యము, బాటలును చెరువులును కాలువలును బాగుచేయకుండుట, విద్యకు వ్యయము చాలకుండుట అను సంగతులు కలవు. అన్నిటికంటె ఘోరమైనది, శిస్తు వసూలు చేయుటలో రైతులను హింసించుచున్నారను ఆరోపణము.

ఆ హింస యెట్టిదో తెలియవలెనన్న ఆనాటి ఏర్పాటు తెలియవలెను. 1800లో నైజాము ప్రభువు కుంపిణీవారికి ఇచ్చివేసిన దత్తమండలములలో మన కంభము, మార్కాపురము సీమలు చేరియుండెను. మన్రో దొరగారు 1807 వరకు ఈ మండలములకు ప్రధాన కలెక్టరుగ నుండి పొలము పొలము కొలిపించి రైతువారీ శిస్తు నిర్ణయించిరి. ఆయన దయామయుడని రాయలసీమ ప్రజలు తమ బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరి. ఆ మన్రోగారే ఈ శిస్తు అధికము, నూటికి ఇరువదియైదు వంతున తగ్గింపవలెనని వ్రాసిరి. కాని ఆ తగ్గింపు చాల యేండ్లవరకు జరుగలేదు. వాన నమ్మకము లేని ఎఱ్ఱనేలల, నల్లనేలల మెట్ట సీమ ఇది. కంభము చెరువు వంటిది నిండిన యేడు కొందరు బ్రదుకుదురు. తక్కిన గ్రామములకు ఆకాశమే చెరువు. అట్టి చోట పండిన యేడును ఎండిన యేడును ఒకే శిస్తు అడిగిన, రైతు ఎచ్చటనుండి తెచ్చును? పైగా 1816 శాసనము ననుసరించి శిస్తు వసూలు చేయు తహశ్శీలుదారే పోలీసు పెద్ద. శిస్తు పై అధికారియైన కలెక్టరే మేజిస్ట్రేటు. కొట్టినవాడు ఎవడో, ఫిర్యాదు వినువాడు వాడే. క్రింది బంట్రోతులకు జీతము అత్యల్పము. ఇక ఏమి జరుగునో ఊహింపవచ్చును.

కిట్టి యను సాధనము ఒకటి ఉండెను. తెలుగు సీమలో దానిని చిరత యనుచుండిరి. రెండు కఱ్ఱలను ఒక కొన వద్ద కట్టి, నడుమ వ్రేళ్లను పెట్టి, రెండవ కొనను నొక్కుదురు. నిమ్మకాయను పిండునట్లు వ్రేళ్లు నలుగును. భజనలో వాయించు చిరతలను చూచినవారికి దాని రూపము స్ఫురింపగలదు. మనిషిని నడుము వంచి, మెడను కాళ్లకు త్రాటితో కట్టి, వీపుపై రాయి పెట్టి నడియెండలో నిలుపుట మరియొకటి. అన్నము నీళ్లు లేకుండ కచేరీ ముంగిట నిలువబెట్టుట, జుట్టు పట్టి లాగుట, కొరడాతో కొట్టుట సాధారణములు. మేము ఈ సంగతులను వర్ణించుటకు ఇష్టము లేకయే వ్రాయుచున్నాము. ఇవి మన ముత్తాతల తండ్రులు అనుభవించినవి. వారి పేర్లు మనకు తెలియకున్నను, వారి వ్రేళ్లు నలిగిన సంగతియైన మనకు తెలియవలెను గదా.

మహజరు సీమకు చేరినను, అచ్చటివారు మొదట నమ్మలేదు. కుంపిణీ పక్షమువారు ఇవి పట్టణపు వర్తకుల కల్పనలనిరి. అప్పుడు సీమలో భారతదేశ సంస్కరణ సంఘము ఒకటి కలదు. దాని యధ్యక్షుడు, పూల్ పట్టణపు ప్రతినిధిగ కామన్సు సభలో నుండిన డాన్బీ సేమూరు దొరగారు 1853లో చెన్నపట్టణమునకు వచ్చిరి. సెట్టిగారు చేసిన అన్ని పనులలోను మాకు మిక్కిలి నచ్చినది ఆ యతిథికి చేసిన సత్కారము. విందులు చేసి, పూలదండలు వేసి పంపుట వారి హోదాకు తగిన పనియే. ఆయన అంతటితో తృప్తిపడక దొరగారిని వెంటబెట్టుకొని జిల్లాలలోనికి పోయిరి. రైలు ఇంకను లేదు. చెన్నపట్టణపు మొదటి రైలు 1856లో గాని నడువలేదు. బండ్లలోను పల్లకీలలోను పోవలెను. ఊరూర రైతులను పిలిపించి దొరగారి యెదుట నిలిపి, జరిగిన దానిని వారి నోటనే చెప్పించిరి. హింసాసాధనములను దొరగారు కన్నులార చూచిరి. పార్లమెంటు సభ్యునిచేత పల్లెటూరి రైతును చూడజేసినది లక్ష్మీనరసు సెట్టిగారే.

1854 జూలైలో కామన్సు సభయందు మదరాసు రైతుల స్థితిని గూర్చి చర్చ జరిగెను. సేమూరుగారు తాము చూచినది చెప్పిరి. మంత్రులు అది నమ్మదగినది కాదన్నను, విచారింపకుండుటకు వీలు లేకపోయెను. ఆ సంవత్సరమే చెన్నపట్టణమున ఇలియట్, స్టోక్స్, నార్టన్ అను ముగ్గురు దొరలతో కమీషను నియమింపబడెను. హింస పొందినవారు స్వయముగ వచ్చియైనను, వ్రాతమూలముననైనను తెలుపుకొనవచ్చునని గ్రామములలో చాటించిరి. గడువు మూడు నెలలే. మన మార్కాపురమునుండి చెన్నపట్టణము రెండు వందల మైళ్లకు పైగా దూరము. దారిలో ఏరులు, అడవులు. పోయి వచ్చులోపల పొలము చూచువారు లేరు. పోయి చెప్పిన సంగతి ఊరి కరణమునకు తెలిసిన యెడల తిరిగివచ్చిన తరువాత గతి యేమి? ఇట్టి యడ్డంకు లన్నియు నుండగా రాజధాని నలుమూలలనుండి ప్రజలు కాలినడకను బయలుదేరి పోయిరి. కమీషనువారికి అందిన ఫిర్యాదులు 1,959. ఆకలియును భయమును గల దేశమున ఒక్క ఫిర్యాదు వెనుక ఎన్ని నోళ్లు మూతబడియుండెనో లెక్క కట్టువారెవరు?

1855 ఏప్రిలులో వెలువడిన నివేదికలో, శిస్తు వసూలు చేయుటయందును, నేరములు ఒప్పించుటయందును హింస సర్వత్ర జరుగుచున్నదని కమీషనువారు ఒప్పుకొనిరి. తప్పంతయు క్రింది నేటివ్ ఉద్యోగులదే యనియు, దొరలకు దీనితో సంబంధము లేదనియు వారు వ్రాసిరి. ఇది మాకు సమ్మతము కాదు. చేసినవారు మనవారే యగుట సత్యము; దానిని దాచరాదు. కాని పండని పొలమునకు శిస్తు తెమ్మని యుత్తరువు చేసినది పైవారు. వచ్చిన సొమ్ము ఎట్లు వచ్చెనని అడుగనిదియు వారే. లండనులో నుండిన కారల్ మార్క్సు పండితుడు 1857లో అమెరికా పత్రికయొకదానికి వ్రాసిన వ్యాసమున ఈ నివేదికను విమర్శించి, పైవారి బాధ్యతనే యెత్తి చూపెను. చెన్నపట్టణపు నీలిమందు వర్తకుడు కదిపిన రాయి న్యూయార్కు వరకు దొర్లినదన్నమాట.

నివేదిక బీరువాలో పడియుండలేదు. 1858 మొదలు పోలీసు శాఖను రెవెన్యూనుండి వేరుచేయ నారంభించి, 1859లో 24వ ఆక్టు మూలమున చెన్నపురి రాజధానికంతటికిని ప్రత్యేక పోలీసును ఏర్పరచిరి. భూముల క్రొత్త సర్వేయును, శిస్తుల పునర్నిర్ణయమును ఆ సంవత్సరములలోనే ప్రారంభమయ్యెను. మన కంభము, మార్కాపురము, కోవెలకుంట్ల తాలూకాలు కడప జిల్లానుండి క్రొత్త కర్నూలు జిల్లాకు మారినదియు 1858లోనే. అప్పటినుండి 1970లో ప్రకాశము జిల్లాయైన దానిలో మన సీమ చేరువరకు నూటపండ్రెండేండ్లు మనము కర్నూలువారము. ఇంట్లోని పాత దస్తావేజులలో కర్నూలు జిల్లా యని వ్రాసియుండుటకు కారణము ఇదియే.

కమీషనుతో సెట్టిగారు తృప్తిపడలేదు. కుంపిణీవారి చేతినుండి రాజ్యము తీసి రాణిగారే స్వయముగ పాలింపవలెనని పదునాలుగు వేల చేవ్రాళ్లు గల మరియొక మహజరు పంపించిరి. 1856 ఏప్రిలు 14వ తేదీన ఆల్బమార్లు ప్రభువు ప్రభువుల సభలో చెన్నపురి హింసల సంగతి నెత్తి మాటలాడిరి. మరుసటి యేడు ఉత్తర దేశమున సిపాయీల తిరుగుబాటు పుట్టెను. 1858లో కుంపిణీ ప్రభుత్వము అంతరించెను. అది సెట్టిగారి మహజరు వలన జరిగినదని మేము చెప్పము. అట్లు చెప్పుట అభిమానము గాని చరిత్రము కాదు. ఈ సంవత్సరములలో దొరతనమువారు ఆయనను రాజద్రోహిగా అనుమానించుచుండిరి. తరువాతి కాలమున అదే దొరతనమువారు ఆయనకు సి.ఎస్.ఐ. బిరుదము నొసంగిరి. దొరల యనుమానమును దొరల బిరుదమును ఒకే జీవితమున చూచినవారు మన దేశమున మరికొందరును కలరు.

1861 శాసనముచే చెన్నపట్టణమునకు శాసననిర్మాణ సభ లభించెను. గవర్నరును, ఆయన కార్యాలోచన సభ్యులును గాక, అడ్వకేట్ జనరలును, నలుగురికి తక్కువ గాకుండ ఎనమండుగురికి మించకుండ అదనపు సభ్యులును ఉండవలెను. వారిలో సగమైన ఉద్యోగులు కానివారై యుండవలెను. వారిని గవర్నరే రెండేండ్లకు నియమించును. ఎన్నికయను మాట లేదు. ఉద్యోగులు కానివారనగా హెచ్చుగ తెల్ల వర్తకులే. నేటివ్ సభ్యునిగ మొదట వి. సదగోపాచార్యులను వకీలుగారు నియమింపబడిరి. ఆయన 1863లో మరణించగా ఆ స్థానము లక్ష్మీనరసు సెట్టిగారికి లభించెను. అప్పుడు గవర్నరు సర్ విలియం డెనిసన్.

నేటి శాసనసభలను పత్రికలలో చూచువారు ఆ సభను తలచుకొనజాలరు. అందు ప్రశ్నలు అడుగరాదు. ఆదాయవ్యయముల పట్టిక చర్చకు రాదు. దొరతనమువారు తెచ్చిన చిత్తు శాసనముపై తప్ప వేరు మాట పలుకరాదు. చిత్తు నెగ్గినను గవర్నరును, గవర్నరు జనరలును సమ్మతింపవలెను. వ్యవహారము ఇంగ్లీషున. పదునాలుగు వేల చేవ్రాళ్లతో సముద్రము దాటి మాటలాడినవానికి, తన పట్టణములోనే గవర్నరు బల్ల వద్ద కూర్చుండి ఒక ప్రశ్నయైనను అడుగుటకు వీలు లేదు! వీథిలో నున్నప్పటి బలము పీఠముపై లేదు. ఐనను ఆ నియామకమును మేము తక్కువగ ఎంచము. శిస్తు కట్టించుకొనువారు మాత్రమే కూర్చుండు చోట శిస్తు కట్టువాడు ఒకడైన కూర్చుండవచ్చునను సంగతి ఆనాడు స్థిరపడెను. ప్రశ్నించు హక్కు 1892 శాసనముతో గాని రాలేదు. వయోజనులందరును ఓటు వేసిన మొదటి సాధారణ ఎన్నికలు 1951–52లో జరిగెను.

ఆయన పనిలోని లోపమును గూడ చెప్పవలెను. ఆయన సంఘములోనివారు హెచ్చుగ వర్తకులు, భూస్వాములు. వారి మహజరులలో రైతు కలడు. రైతు పొలములో వెట్టి చేయు పాలేరు లేడు. మన సీమలో 1860ల మొదలు క్రైస్తవులైనవారిలో బహుజనులు మాదిగలు, మాలలు. 1878 జూలై 3వ తేదీన ఒంగోలు మిషనువారు ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మ మిచ్చినప్పుడు, వారిలో పిత్రార్జితమును కోల్పోదునేమో యని భయపడవలసినవారు ఎందరు? వారి తండ్రులకు పోగొట్టుకొనుటకు సెంటు భూమి లేకుండెను. 1850 శాసనమును గూర్చి పట్టణమున జరిగిన అంతటి కలహము ఆస్తిగలవారి కలహమే. భూమిలేని వాని నోరు ఎవరును తెరువలేదు, ఇటు సెట్టిగారును, అటు దొరలును. ఆనాటి వర్తకునినుండి ఇంతకంటె ఎక్కువ ఆశించుట న్యాయమా యని విద్యార్థులు తమలో తాము చర్చించుకొందురు గాక.

తక్కినది కొంచెమే కలదు. పత్రిక లాభమునకు నడచినది కాదు. సంఘపు వ్యయము, మహజరుల వ్యయము, అతిథుల ప్రయాణవ్యయము, ఇవి చాలవరకు ఒక్క మనిషి పెట్టెలోనుండి వచ్చినవి. ఇరువది యేండ్లలో ఆ పెట్టె ఖాళీయయ్యెను. యౌవనమున పట్టణపు శ్రీమంతులలో నొకరైన లక్ష్మీనరసు సెట్టిగారు 1868లో, అరువది రెండవ యేట, లేమిలో మరణించిరి. శిస్తు లేని ఆస్తియు, సి.ఎస్.ఐ. అను మూడక్షరములును మాత్రము మిగిలెనని చమత్కరించుటకు వీలుండెనేమో గాని, ఆస్తియు మిగులలేదు.

ఆయనతో పాటు ఆయన పత్రికయు, సంఘమును సన్నగిలి నిలిచిపోయినవి. చెన్నపట్టణమున మరల బలమైన సంఘము పుట్టుటకు 1884 వరకు ఆగవలసి వచ్చెను. ఆ సంవత్సరము స్థాపింపబడిన మహాజన సభను నడపినవారిలో చిత్తూరు సీమవారైన పనప్పాకము ఆనందాచార్యులుగారు ముఖ్యులు. వారు 1891లో నాగపురి కాంగ్రెసునకు అధ్యక్షులైరి. కోవెలకుంట్ల కోటగుమ్మమున వ్రేలాడదీసిన నరసింహారెడ్డిగారి శిరస్సు 1877 వరకు అచ్చటనే యుండెను. సెట్టిగారు మరణించి అప్పటికి తొమ్మిదేండ్లు.